సోర్స్ కోడ్‌లో గుర్తు పెట్టిన ఫంక్షన్లను చిన్న స్కానర్‌తో ఏరుకోవడం ఎలా?

సి భాషలో కమాండ్ లైన్ ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఈ తలనొప్పి తెలిసిందే. కొత్త ఆదేశం చేర్చిన ప్రతిసారీ మూడు చోట్ల చెయ్యి పెట్టాలి. ఒకటి ఫంక్షన్ అసలు ఉండే ఫైల్, రెండోది దాని డిక్లరేషన్ ఉండే హెడర్, మూడోది ఆదేశం పేరునీ ఫంక్షన్‌నీ జతపరిచే పట్టిక. హెడర్‌లో రాయడం మర్చిపోతే కంపైలర్ అరుస్తుంది. నిజానికి అది కూడా ఆలస్యంగా వచ్చిన బుద్ధే. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ను పిలవడాన్ని 1999 నాటి సి ప్రమాణమే తీసేసినా, జీసీసీ కంపైలర్ మాత్రం 2024లో వచ్చిన 14వ వెర్షన్ దాకా హెచ్చరికతో సరిపెట్టింది. ఇక పట్టికలో రాయడం మర్చిపోతే ఎవరూ అరవరు. ప్రోగ్రామ్ హాయిగా కంపైల్ అవుతుంది, వాడేవాళ్లకు మాత్రం ఆదేశం ఉండదు.

దీనికి పాత, మంచి ఉపాయం ఒకటుంది. ఫంక్షన్ మీద ఒక్క లైన్ గుర్తు పెడతాం. బిల్డ్ (సోర్స్ నుంచి ప్రోగ్రామ్ తయారు చేసే పని) మొదలయ్యేటప్పుడు స్కానర్ అనే ఒక చిన్న ప్రోగ్రామ్ సోర్స్ ఫైళ్లన్నీ చదివి, గుర్తున్న ఫంక్షన్లను ఏరి, హెడర్‌నూ పట్టికనూ తనే రాసేస్తుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ రాసిన రిచర్డ్ హిప్ తన ఫాసిల్ అనే వెర్షన్ కంట్రోల్ ప్రోగ్రామ్‌లో ఇలాగే చేశారు. ఆదేశం పేరు ఫంక్షన్ మీది కామెంట్‌లో ఉంటుంది, దాన్ని ఏరి పట్టిక కట్టే ప్రోగ్రామ్ కూడా సోర్స్‌తోపాటే ఉంటుంది. చిన్న చిప్‌ల మీద నడిచే మైక్రోపైథాన్ తనకు కావలసిన పేర్లన్నిటినీ సి కోడ్‌లోంచి ఇలాగే పోగుచేసుకుంటుంది. గ్నూ గెట్‌టెక్స్ట్ అనువదించాల్సిన మాటలను ఏరేదీ ఇదే పద్ధతిలో. నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లను తెలుగులోకి తెచ్చేవాళ్ల చేతికి వచ్చే ఫైళ్లు అలా ఏరిన మాటలతో తయారైనవే.

ఇక్కడ ఉదాహరణగా చిట్టా అనే చిన్న జమాఖర్చుల ప్రోగ్రామ్ తీసుకుందాం. అది సి భాషలో ఉంది, స్కానర్‌ను పైథాన్‌లో రాద్దాం. అందరికీ ఒక్క చూపులో అర్థం కావడానికి కోడ్ నమూనాలను తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. మీ ఎడిటర్‌లో మాత్రం ఆయా భాషల అసలు కీవర్డ్స్ టైప్ చేయండి.

మొదటి అడుగు: గుర్తు ఎలా ఉండాలో తేల్చుకోండి

స్కానర్ ఎంత చిన్నగా ఉంటుందన్నది మీ పైథాన్ నైపుణ్యం కన్నా గుర్తు నియమాల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. నియమాలు బిగువుగా ఉంటే ప్రోగ్రామ్ చిన్నదవుతుంది. ఎవరు ఎలా రాసినా అర్థం చేసుకోవాలని బయల్దేరితే చివరికి సగం కంపైలర్ రాయాల్సి వస్తుంది. మన చిట్టాకు రెండే గుర్తులు పెట్టుకుందాం:

```
//@ఆదేశం చేర్చు : కొత్త పద్దు రాస్తుంది
ఇంట్ పద్దు_చేర్చు(ఇంట్ ఎన్ని, చార్ **మాటలు)
{
    ...
}

//@పబ్లిక్
లాంగ్ నిల్వ_లెక్క(చార్ *ఖాతా,   /* ఖాళీగా ఉండకూడదు */
              ఇంట్ సంవత్సరం)
{
    ...
}
```

పబ్లిక్ అంటే ఫంక్షన్ డిక్లరేషన్ హెడర్‌లోకి వెళ్లాలి. ఆదేశం అంటే డిక్లరేషన్‌తోపాటు పట్టికలో ఒక వరస కూడా రావాలి. రెండుచుక్కల ముందున్నది ఆదేశం పేరు, తర్వాతది సహాయం తెరలో చూపించే వివరణ.

గుర్తు ఎప్పుడూ లైన్ మొదట్లోనే, ముందు ఒక్క స్పేస్ కూడా లేకుండా మొదలవ్వాలి. గుర్తు కింద రావాల్సింది ఫంక్షన్ డెఫినిషన్ మాత్రమే. ఆ ఫంక్షన్ స్టాటిక్ కాకూడదు. బయటి ఫైళ్లకు కనిపించని ఫంక్షన్‌ను హెడర్‌లో పెట్టడంలో అర్థం లేదు. ఫంక్షన్ పేరుకు ముందు బ్రాకెట్లున్న ఆట్రిబ్యూట్లు ఉండకూడదు. ఫంక్షన్ పాయింటర్‌ను తిరిగిచ్చే ఫంక్షన్ అయితే ఆ రకానికి ముందుగా టైప్‌డెఫ్ పేరు పెట్టుకోవాలి. ఈ చివరి రెండూ ఎందుకో నాలుగో అడుగులో తెలుస్తుంది.

స్ట్రక్చర్లను కూడా ఇలాగే ఏరవచ్చు కదా అనిపిస్తుంది. వద్దంటాను. ఫంక్షన్ డిక్లరేషన్ హెడర్‌లో, డెఫినిషన్ సి ఫైల్లో రెండూ ఉంటే మేలే. రెండూ సరిపోయాయో లేదో కంపైలర్ చూసి చెబుతుంది. స్ట్రక్చర్ అలా కాదు. హెడర్‌లోకి ఒక నకలు వెళ్లి, అసలు సి ఫైల్లో మిగిలిపోతే రెండుసార్లు నిర్వచించావని చాలా కంపైలర్లు ఒప్పుకోవు. హిప్ రాసిన మేక్‌హెడర్స్ అనే పనిముట్టు దీనికోసం, అలాంటి రకాలను కంపైలర్ దాటేసే షరతు బ్లాకులో రాయమంటుంది. అది పనిచేస్తుంది, కానీ కొత్తగా చదివేవాళ్లు తికమకపడతారు. రకాలు తరచుగా మారవు కాబట్టి వాటిని చేత్తో రాసిన మామూలు హెడర్‌లో ఉంచేయడమే నయం.

రెండో అడుగు: ముందు లైన్ల స్కానర్ రాయండి

నేరుగా అక్షరం అక్షరం చదివే స్కానర్ మీదికి దూకకండి. లైన్ లైన్‌గా చదివే ఈ కాస్త కోడ్ చాలా ప్రాజెక్టులకు సరిపోతుంది:

```
ఎదురుచూపు = ఖాళీ
ప్రతి (సంఖ్య, లైన్) కు:
    లైన్ "//@" తో మొదలైతే:
        ఎదురుచూపు ఖాళీ కాకపోతే: తప్పు(సంఖ్య)
        ఎదురుచూపు = (సంఖ్య, లైన్)
    లేదా ఎదురుచూపు ఉండి, లైన్ ఖాళీ కాకపోతే:
        తల = లైన్‌లో "{" కు ముందున్న భాగం
        దాచు(ఎదురుచూపు, తల)
        ఎదురుచూపు = ఖాళీ
చివర్లో ఎదురుచూపు ఇంకా ఉంటే: తప్పు(ఎదురుచూపు.సంఖ్య)
```

ఫాసిల్‌లోది కూడా ఇంచుమించు ఇదే. ఒక్కో లైన్ చదివి ప్రత్యేక కామెంట్ కోసం చూస్తుంది, తర్వాత ఫంక్షన్ లైన్ కోసం చూస్తుంది. అక్కడ ఆదేశాల ఫంక్షన్లన్నీ ఒకే ఆకారంలో, ఒకే లైన్‌లో ఉంటాయి కాబట్టి అంతకన్నా అవసరం లేదు. మీ ఫంక్షన్లూ అలాగే ఉంటే మూడు, నాలుగు అడుగులు వదిలేసి ఐదుకు వెళ్లిపోండి.

ఇది ఎక్కడ విరుగుతుందో పైన ఇచ్చిన రెండో ఫంక్షన్‌లోనే ఉంది. పారామీటర్లు రెండు లైన్లకు పాకాయి, మధ్యలో కామెంట్ కూడా ఉంది. స్కానర్ మొదటి లైన్ మాత్రమే తీసుకుని సెమికోలన్ తగిలిస్తుంది. అప్పుడు కంపైలర్ తప్పు చూపించేది మీరు రాసిన ఫైల్లో కాదు, మీరెప్పుడూ తెరవని ఆటోమేటిక్ హెడర్‌లో. ఇంకో చిక్కు, పాత ఫంక్షన్‌ను గుర్తుతో సహా బ్లాక్ కామెంట్‌లో మూసేసినప్పుడు వస్తుంది. లైన్ల స్కానర్‌కు కామెంట్ లోపల ఉన్నానన్న సంగతి తెలియదు. లేని ఫంక్షన్‌ను పట్టికలో ఎక్కించేస్తుంది, చివర్లో కంపైలైన ముక్కలన్నీ కలిపే లింకర్ దగ్గర బండి ఆగుతుంది.

ఇక్కడే చాలామందికి రెజెక్స్ (నమూనా ఇచ్చి పాఠంలో వెతికే పద్ధతి) మీద ఆశ పుడుతుంది. రెండు మూడు లైన్లు కలిపి పట్టుకునే రెజెక్స్, కామెంట్లను ముందే తీసేసే ఇంకో రెజెక్స్. కామెంట్లు తీసేసే రెజెక్స్ ఈ లైన్ దగ్గరే పడిపోతుంది:

```
చార్ *చిరునామా = "హెచ్‌టీటీపీ://చిట్టా";
```

కోట్ లోపలున్న రెండు గీతలను కామెంట్ అనుకుని మిగతా లైన్ కోసేస్తుంది. ముందు కోట్లను తీసేద్దామంటే కామెంట్ లోపల ఒంటరి కోట్ గుర్తులుంటాయి. కోట్‌లో కామెంట్, కామెంట్‌లో కోట్, రెంటిలో ఏది ముందు మొదలైందో ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిస్తేనే తెలుస్తుంది. ఆ నడకే స్కానర్.

మూడో అడుగు: పాఠాన్ని ముక్కలు చేయండి

మనకు సి వ్యాకరణం అక్కర్లేదు. ఎక్కడున్నామన్నది తెలిస్తే చాలు: కామెంట్‌లోనా, కోట్‌లోనా, `#` తో మొదలయ్యే డైరెక్టివ్ లైన్‌లోనా, మామూలు కోడ్‌లోనా. ఈ ఫంక్షన్ ఫైల్ మొత్తాన్ని ఒక పొడవైన స్ట్రింగ్‌గా తీసుకుని ఒక్కో ముక్కనూ దాని రకంతో, లైన్ నంబరుతో ఇస్తుంది:

```
ఫంక్షన్ ముక్కలు(పాఠం):
    స్థానం = 0
    లైన్ = 1
    స్థానం < పొడవు(పాఠం) ఉన్నంతసేపు:
        మొదలు = స్థానం
        ఇక్కడ "//" ఉంటే:
            రకం = "లైన్_కామెంట్"
            స్థానం = లైన్_చివర(పాఠం, స్థానం)
        లేదా "/*" ఉంటే:
            రకం = "బ్లాక్_కామెంట్"
            ముగింపు = వెతుకు(పాఠం, "*/", స్థానం + 2)
            దొరక్కపోతే: తప్పు(లైన్, "కామెంట్ మూయలేదు")
            స్థానం = ముగింపు + 2
        లేదా జంట కోట్ గానీ ఒంటి కోట్ గానీ ఉంటే:
            రకం = "కోట్"
            స్థానం = కోట్_చివర(పాఠం, స్థానం)
        లేదా లైన్‌లో మొదటి అక్షరంగా "#" ఉంటే:
            రకం = "డైరెక్టివ్"
            స్థానం = డైరెక్టివ్_చివర(పాఠం, స్థానం)
        లేదా అంకె ఉంటే:
            రకం = "సంఖ్య"
            స్థానం = సంఖ్య_చివర(పాఠం, స్థానం)
        లేదా పదం మొదలయ్యే అక్షరం ఉంటే:
            రకం = "పదం"
            స్థానం = పదం_చివర(పాఠం, స్థానం)
        లేకపోతే:
            రకం = "చిహ్నం"
            స్థానం = స్థానం + 1
        ముక్క = పాఠం[మొదలు : స్థానం]
        ఇవ్వు (రకం, ముక్క, లైన్)
        లైన్ = లైన్ + ముక్కలోని కొత్త లైన్ల లెక్క
```

బ్లాక్ కామెంట్ ముగింపును రెండు అక్షరాల తర్వాత నుంచి వెతుకుతున్నాం, గమనించండి. అలా కాకుండా ఒక్క అక్షరం తర్వాత నుంచి వెతికితే `/*/` కనబడగానే కామెంట్ మొదలై అక్కడే ముగిసిందనుకుంటుంది. సి భాషలో అది ఇంకా ముగియని కామెంట్.

కోట్_చివర చేసే పని తేలికే. అదే కోట్ మళ్లీ వచ్చేదాకా నడవాలి, వెనక్కి వాలిన గీత `\` కనబడితే దాని తర్వాతి అక్షరంతో కలిపి దాటేయాలి. ఆ గీత లైన్ చివర ఉంటే తర్వాతి లైన్ కూడా కోట్‌లో భాగమే. అది లేకుండా లైన్ అయిపోతే తప్పు చెప్పి ఆగాలి. కోట్ గుర్తునే కోట్‌లో పెట్టిన `'"'`, `'\''` లాంటివి ఇక్కడే సరిగ్గా దాటతాయి.

సంఖ్యలకు వేరే రకం ఎందుకని అనుమానం రావచ్చు. సి++ 2014 నుంచి, సి భాషలో 2023 ప్రమాణం నుంచి పెద్ద సంఖ్యల్లో అంకెల మధ్య ఒంటి కోట్ పెట్టుకోవచ్చు. మనం కామా పెట్టి 10,00,000 అని రాసేదాన్ని `10'00'000` అని రాయవచ్చన్నమాట. సంఖ్యను ఒక్క ముక్కగా మింగకపోతే ఆ కోట్ దగ్గర అక్షరం మొదలైందనుకుని స్కానర్ దారి తప్పుతుంది. కాబట్టి అంకెతో మొదలైతే అంకెలు, అక్షరాలు, చుక్కలు, కింది గీతలు, వెనకాలే అంకె గానీ అక్షరం గానీ ఉన్న ఒంటి కోట్, అన్నిటినీ కలిపి ఒకే ముక్కగా తీసుకోండి.

డైరెక్టివ్ లైన్లను విడిగా పెట్టడానికీ ఇలాంటి కారణమే ఉంది. ఎర్రర్ డైరెక్టివ్ తర్వాత జనం మామూలు ఇంగ్లీష్ వాక్యాలు రాస్తారు, వాటిలో ఒంటరి అపాస్ట్రఫీలు ఉంటాయి. డైరెక్టివ్‌ను లైన్ చివరిదాకా, చివర్లో `\` ఉంటే తర్వాతి లైన్ దాకా, లోపల ఏముందో చూడకుండా ఒక్క ముక్కగా తీసుకోవాలి. డైరెక్టివ్ లైన్‌లో మొదలై కింది లైన్లకు పాకే బ్లాక్ కామెంట్‌ను ఈ నియమం పట్టుకోలేదు. అలాంటివి రాయవద్దని మొదటి అడుగులోని నియమాలకు కలిపేయండి.

పదాల విషయంలో పైథాన్ వాడే తెలుగువాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. అక్షరమా కాదా అని అడిగే పైథాన్ మెథడ్ గుణింతపు గుర్తులకూ పొల్లుకూ కాదనే చెబుతుంది. దాని లెక్కలో 'ప' అక్షరమే, 'ద' అక్షరమే, 'ు' కాదు. రెజెక్స్‌లోని పదం క్లాసు కూడా అంతే. కాబట్టి తెలుగు పేరును దానితో పట్టుకోబోతే పేరు ముక్కముక్కలైపోతుంది. సులువైన దారి ఏమిటంటే, ఆ గుర్తు ముందు ఒక మామూలు అక్షరం తగిలించి, ఈ జంట చెల్లే ఐడెంటిఫయరేనా అని ఈజ్‌ఐడెంటిఫయర్ మెథడ్‌ను అడగడం. కోడ్‌లో తెలుగు పేర్లు ఎవరు వాడతారనుకోకండి. జీసీసీ కూడా 2020లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 పేర్లను నేరుగా ఒప్పుకుంటోంది.

నాలుగో అడుగు: తల తీయండి

గుర్తు (లైన్ మొదట్లో `//@` ఉన్న లైన్ కామెంట్) దొరికాక కావలసింది ఫంక్షన్ తల, అంటే ఫ్లవర్ బ్రాకెట్ తెరిచేదాకా ఉన్న భాగం. ఒళ్లు మనకు అక్కర్లేదు.

```
ఫంక్షన్ తల_తీయి(ముక్కలు, గుర్తు_లైన్):
    తల = ""
    లోతు = 0
    పేరు = ఖాళీ
    చివరి_పదం = ఖాళీ
    మిగిలిన ప్రతి (రకం, ముక్క, లైన్) కు:
        ముక్క కామెంట్ అయితే:
            అది "//@" తో మొదలైతే: తప్పు(లైన్)
            తల = తల + " "
            తర్వాతి ముక్కకు వెళ్లు
        రకం "డైరెక్టివ్" అయితే: తప్పు(లైన్)
        ముక్క "{" అయి, లోతు 0 అయితే:
            పేరు ఖాళీ అయితే: తప్పు(లైన్)
            తిరిగి ఇవ్వు (పేరు, కుదించు(తల))
        ముక్క ";" అయి, లోతు 0 అయితే: తప్పు(లైన్)
        ముక్క "(" అయితే:
            పేరు ఖాళీ అయితే: పేరు = చివరి_పదం
            లోతు = లోతు + 1
        ముక్క ")" అయితే: లోతు = లోతు - 1
        రకం "పదం" అయితే: చివరి_పదం = ముక్క
        తల = తల + ముక్క
    తప్పు(గుర్తు_లైన్, "ఫైల్ అయిపోయింది, ఫంక్షన్ రాలేదు")
```

కామెంట్ స్థానంలో స్పేస్ పెట్టడం మర్చిపోవద్దు. `ఇంట్/*ఫలితం*/లెక్క` లాంటి చోట కామెంట్ తీసేస్తే రెండు పదాలు అతుక్కుపోతాయి. సి కంపైలర్ కూడా కామెంట్‌ను ఒక స్పేస్‌గానే చూస్తుంది. కుదించు అనేది వరసగా ఉన్న స్పేస్‌లనూ కొత్త లైన్లనూ ఒక్క స్పేస్ చేస్తుంది.

ఫంక్షన్ పేరు ఎలా దొరికిందో చూడండి. మొదటి బ్రాకెట్ తెరిచే ముందు వచ్చిన చివరి పదమే పేరు. సి వ్యాకరణం తెలియకుండా పేరు పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన నియమం లేదు. ఆట్రిబ్యూట్ బ్రాకెట్లు ముందొస్తే ఆట్రిబ్యూట్ మాటే పేరని పొరబడుతుంది. ఫంక్షన్ పాయింటర్‌ను తిరిగిచ్చే చోట అయితే తిరిగిచ్చే రకమే పేరనుకుంటుంది. మొదటి అడుగులో ఆ రెండిటినీ నిషేధించింది అందుకే. స్కానర్‌లో ఇంకో యాభై లైన్లు రాసే బదులు నియమాల కాగితంలో ఒక వాక్యం రాయడం మంచి బేరం.

గుర్తు ఫంక్షన్ ఒంటి లోపల పడితే? లైన్ మొదట్లోనే ఉండాలన్న నియమం చాలావరకు కాపాడుతుంది. దాన్ని దాటుకుని వస్తే కింద ఉన్న `ఇఫ్ (...) {` ని ఇఫ్ అనే ఫంక్షన్‌గా పట్టుకుంటుంది. ఫ్లవర్ బ్రాకెట్ల లోతు లెక్కబెడితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే షరతు డైరెక్టివ్‌లున్న కోడ్‌లో ఆ లెక్క నమ్మకమైనది కాదు. ఒక శాఖలో ఒకసారి, ఇంకో శాఖలో ఇంకోసారి బ్రాకెట్ తెరిచి, కింద ఒక్కసారే మూసే కోడ్ కొల్లలు. అక్కడి నుంచి ఫైల్ చివరిదాకా లోతు తప్పుగానే ఉంటుంది. అందుకే లోతు లెక్క వదిలేసి, దొరికిన పేరు ఇఫ్, ఫర్, వైల్, స్విచ్ లాంటి కీవర్డ్ అయితే తప్పు చెప్పడమే నాకు నచ్చిన పద్ధతి. తలలో స్టాటిక్ అనే పదం కనబడినా ఇక్కడే ఆపేయండి.

ఐదో అడుగు: తప్పులు గట్టిగా చెప్పండి

ఈ పనిముట్టు బతకాలంటే ముఖ్యమైన అడుగు ఇదే. గుర్తు కనిపించింది, ఫంక్షన్ అర్థం కాలేదు. అలాంటప్పుడు పోనీలే అని దాటేస్తే, మొదట్లో వదిలించుకోవాలనుకున్న జబ్బే తిరిగొస్తుంది. ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది, ఆదేశం ఉండదు, ఎవరికీ ఏమీ తెలియదు. గుర్తు పెట్టారంటే ఏరుకోమని అడిగారనే అర్థం. ఏరలేకపోతే బిల్డ్ ఆగాలి.

సందేశం కంపైలర్ వాడే రూపంలోనే ఉండాలి:

```
పద్దు.సి:42: తప్పు: //@ఆదేశం కింద డిక్లరేషన్ ఉంది, డెఫినిషన్ కావాలి
```

ఫైల్, లైన్ నంబర్, సందేశం, మధ్యలో రెండుచుక్కలు. విమ్, ఈమాక్స్ లాంటి ఎడిటర్లు ఈ రూపాన్ని చదివి నేరుగా ఆ లైన్‌కు తీసుకెళతాయి. మొదటి తప్పు దగ్గరే ప్రోగ్రామ్ చచ్చిపోకుండా, ఆ గుర్తును వదిలి తర్వాతి గుర్తు దగ్గర మళ్లీ మొదలుపెట్టించండి. అన్ని తప్పులూ ఒకేసారి చూపించి, చివర్లో సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ముగించాలి. అప్పుడే బిల్డ్ నడిపే మేక్ ప్రోగ్రామ్ ఆగుతుంది.

తెలియని గుర్తు వచ్చినా తప్పే. `//@ఆదేసం` అని రాసినవాళ్లు ఆదేశమే అడిగారు, అక్షరం తప్పింది. తెలుగు గుర్తులు పెట్టుకునేవాళ్లకు ఇంకో బాధ ఉంది. 'పబ్లిక్' చివర కొన్ని కీబోర్డులు పొల్లు నిలబెట్టడానికి కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుస్తాయి. తెర మీద రెండు మాటలూ ఒక్కలాగే ఉంటాయి, పోలిస్తే సమానం కావు. తెలియని గుర్తు సందేశంలో ఆ మాటతోపాటు దాని అక్షరాల యూనికోడ్ సంఖ్యలు కూడా అచ్చువేస్తే గంటల కొద్దీ జుట్టు పీక్కోవడం తప్పుతుంది. లేదా పోల్చే ముందే ఆ అక్షరాన్ని తీసేయండి.

ఒకే ఆదేశం పేరును రెండు ఫంక్షన్లు అడిగితే రెండు చోట్లనూ చూపించండి. రెండో చోటు మాత్రమే చెబితే మొదటిది ఎక్కడుందో వెతుక్కునే పని చదివేవాళ్ల నెత్తిన పడుతుంది.

ఆరో అడుగు: ఫైళ్లు రాయండి

ఫైళ్లు చదివేటప్పుడూ రాసేటప్పుడూ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ వేరే ఎన్‌కోడింగ్ ఎంచుకునే అవకాశం ఉంది. చదివేటప్పుడు సిగ్ అనే తోకున్న యూటీఎఫ్-8 ఎంచుకుంటే, కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో దాచే మూడు బైట్ల గుర్తు దానంతటదే పోతుంది. లేకపోతే మొదటి లైన్‌లోనే ఉన్న గుర్తు స్కానర్‌కు కనిపించదు.

హెడర్‌లో ప్రతి తల చివరా సెమికోలన్. పట్టికలో ఇలా:

```
{ "చూపు",   పద్దులు_చూపు, "నెల పద్దులు చూపిస్తుంది" },
{ "చేర్చు",  పద్దు_చేర్చు,   "కొత్త పద్దు రాస్తుంది" },
```

వివరణలో జంట కోట్ గానీ `\` గానీ ఉంటే దాని ముందు ఇంకో `\` చేర్చాలి. పైన హెచ్చరిక లైన్ తప్పనిసరి: ఈ ఫైల్ స్కానర్ రాసింది, చేత్తో మార్చవద్దు. అలా రాసినా మార్చేవాళ్లు ఉంటారు. పైథాన్ సొంత సోర్స్‌లో, 3.4 వెర్షన్ నుంచి ఉన్న ఆర్గ్యుమెంట్ క్లినిక్ అనే ఇలాంటి పనిముట్టు, తాను రాసిన భాగం చివర ఒక చెక్‌సమ్ కూడా పెడుతుంది. ఎవరైనా చేత్తో మారిస్తే తర్వాతిసారి పట్టేస్తుంది.

పట్టికను ఆదేశం పేరు వరసలో పెట్టండి. అప్పుడు ఫైళ్లను ఏ వరసలో చదివినా ఫలితం ఒకటే వస్తుంది, వెతకడానికి బైనరీ సెర్చ్ కూడా వాడుకోవచ్చు. పైథాన్ స్ట్రింగులను యూనికోడ్ సంఖ్యల ప్రకారం పేరుస్తుంది. సి ప్రోగ్రామ్ బైట్ల ప్రకారం పోలుస్తుంది. యూటీఎఫ్-8 తయారైన తీరు వల్ల ఈ రెండు వరసలూ ఒకటే అవుతాయి, కాబట్టి తెలుగు పేర్లతో కూడా ఇబ్బంది లేదు. షెల్‌లోని సార్ట్ ఆదేశంతో పేరిస్తే మాత్రం అది లొకేల్ (భాష, ప్రాంతం) నియమాలు పాటించి వేరే వరస ఇవ్వొచ్చు.

కొత్త పాఠం పాతదానితో సమానమైతే ఫైల్‌ను ముట్టుకోకండి. మేక్ చూసేది ఫైల్ మారిన సమయాన్నే. లోపల ఒక్క అక్షరం మారకపోయినా హెడర్‌ను మళ్లీ రాస్తే, దాన్ని వాడే ప్రతి ఫైలూ మళ్లీ కంపైల్ అవుతుంది. ఒక ఫంక్షన్ లోపల చిన్న మార్పు చేసినందుకు మొత్తం ప్రాజెక్టు కంపైల్ అవుతుంటే జట్టులో ఎవరూ ఈ స్కానర్‌ను బతకనివ్వరు. మారితే మాత్రం పక్కన తాత్కాలిక ఫైల్‌లో రాసి, దాని పేరు మార్చండి. మధ్యలో బిల్డ్ ఆపేసినా సగం రాసిన హెడర్ మిగలదు.

ఏడో అడుగు: బిల్డ్‌కు తగిలించండి

హెడర్ సోర్స్ ఫైళ్లన్నిటి మీదా ఆధారపడుతుంది, సోర్స్ ఫైళ్లు హెడర్ మీద ఆధారపడతాయి. వినడానికి గుడ్డు ముందా కోడి ముందా అన్నట్టుంటుంది కానీ నిజంగా చక్రం లేదు. ఆబ్జెక్ట్ ఫైలుకు హెడర్ కావాలి, హెడర్‌కు సి ఫైళ్లు కావాలి, సి ఫైలుకు ఏమీ అక్కర్లేదు.

మారకపోతే ముట్టుకోవద్దన్న నియమం వల్ల హెడర్ సమయం పాతదిగానే ఉండిపోయి మేక్ ప్రతిసారీ స్కానర్‌ను పిలుస్తుంది. అది ఇష్టం లేకపోతే, స్కానర్ నడిచిందని చెప్పే ఖాళీ ముద్ర ఫైల్ ఒకటి పెట్టి నియమాన్ని దాని మీద రాయండి. మేక్ బదులు నింజా వాడేవాళ్లకు ఈ గొడవ లేదు. నియమంలో రీస్టాట్ పెడితే ఫలితం మారలేదని అదే గమనిస్తుంది.

మొదటి బిల్డ్‌లో ఇంకో మెలిక ఉంది. ఏ ఫైలుకు ఏ హెడర్ కావాలో కంపైలరే రాసిచ్చే జాబితా ఒకసారి కంపైల్ అయ్యాక గానీ పుట్టదు. అందాక హెడర్ ముందు తయారవ్వాలని మేక్‌కు తెలియదు. ఆబ్జెక్ట్ ఫైళ్ల నియమంలో నిలువు గీత `|` తర్వాత హెడర్ పేరు రాస్తే, అది ముందుగా ఉండాలని మేక్‌కు తెలుస్తుంది, సమయం మాత్రం పోల్చదు. మీ మెషీన్‌లో పాత హెడర్ ఉంటుంది కాబట్టి ఈ లోపం మీకు కనిపించదు. కొత్తగా క్లోన్ చేసినవాళ్లకే తగులుతుంది. ఖాళీ ఫోల్డర్‌లో ఒకసారి బిల్డ్ చేసి చూడండి.

ఎనిమిదో అడుగు: మొండి ఫైల్‌తో పరీక్షించండి

స్కానర్‌ను విరగ్గొట్టడానికే ఒక సి ఫైల్ రాయండి. అది కంపైల్ కావాల్సిన అవసరం లేదు. కోట్ లోపల `//@ఆదేశం`, బ్లాక్ కామెంట్ లోపల లైన్ మొదట్లో అదే గుర్తు, `'{'` అనే అక్షరం, `/*/` తో మొదలయ్యే కామెంట్, పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య కామెంట్, పారామీటర్లలో ఫంక్షన్ పాయింటర్, అంకెల మధ్య కోట్ ఉన్న సంఖ్య, చివర కొత్త లైన్ లేకుండా ముగిసే ఫైల్. వీటిలో ఏవి ఏరాలో, ఏవి వదలాలో రాసిన జవాబు ఫైల్‌ను పక్కన పెట్టి పోల్చండి. తప్పు చెప్పాల్సిన వాటికి వేరే ఫైళ్లు, ఒక్కోదానిలో ఒక్కో తప్పు, ఏ లైన్ నంబర్ రావాలో సహా. లైన్ నంబర్ పరీక్షను వదలకండి. లైన్లు దాటే కోట్లూ కామెంట్లూ వచ్చినప్పుడు లెక్క జారేది అక్కడే.

అసలు ప్రాజెక్టు మీద నడిపేటప్పుడు, ఫైళ్లలో లైన్ మొదట్లో `//@` ఎన్నిసార్లు ఉందో గ్రెప్‌తో లెక్కించి, స్కానర్ ఏరిన సంఖ్యతో పోల్చండి. తేడా వస్తే ఆ గుర్తు కామెంట్‌లో మూసేసినదై ఉండాలి, లేదా స్కానర్‌లో లోపం ఉన్నట్టు.

ఈ దారి ఎప్పుడు వదిలేయాలి

సి++ లోని ఆర్ స్ట్రింగులు (కోట్ లోపల కొత్త లైన్లూ కోట్లూ అన్నీ ఉండనిచ్చేవి) వాడితే మూడో అడుగులో ఇంకో రకం చేర్చుకోవచ్చు. రస్ట్ లాంటి భాషలో బ్లాక్ కామెంట్లు ఒకదానిలో ఒకటి ఉండవచ్చు కాబట్టి వాటికి లోతు లెక్క కావాలి. ఇవి చిన్న పనులే. టెంప్లేట్లు, ఓవర్‌లోడ్లు, మాక్రోలు కలిపి పుట్టించే ఫంక్షన్లు రావాలంటే మాత్రం ఈ స్కానర్‌ను సాగదీయకండి. మాక్రో నుంచి పుట్టే ఫంక్షన్ సోర్స్ పాఠంలో అసలు ఉండదు. ముందు ప్రీప్రాసెసర్ నడిపి దాని ఫలితాన్ని చదవాలి. మైక్రోపైథాన్ పేర్లు ఏరేది ప్రీప్రాసెసర్ దాటిన పాఠం నుంచే. రకాల అర్థం కూడా కావాలంటే క్లాంగ్ కంపైలర్‌తో వచ్చే లిబ్‌క్లాంగ్ లైబ్రరీ, ఎడిటర్లలో వాడే వేగం, తప్పులున్న కోడ్‌ను ఓర్చుకునే గుణం కావాలంటే ట్రీ-సిట్టర్ అనే పార్సర్ పనిముట్టు చూడండి. ఏరాల్సింది పైథాన్ కోడ్ అయితే ఆ భాషతోపాటే వచ్చే ఏఎస్‌టీ మాడ్యూల్ ఉంది, స్కానర్ రాయనే అక్కర్లేదు. గుర్తు నియమాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుకోండి. అలా అయితే లోపలి యంత్రం మార్చినా సోర్స్ ఫైళ్లలో ఒక్క లైన్ కూడా మార్చే పని పడదు.